అమెచ్యూర్ ఫుట్‌బాలరు జీవితం రాయాలంటే సోమవారం నుంచి మొదలెట్టండి

ముందే చెప్పేస్తున్నానండి, గోల్స్ లెక్కతో మొదలెట్టకండి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య స్కాట్లండులో ఆడిన ఆటగాడి గురించి రాయబోయేవాళ్లు ముందుగా పట్టుకునేది అదే. ఎన్ని మ్యాచ్‌లు, ఎన్ని గోల్స్, ఏ ఏడు ఏ కప్పు. అవన్నీ శనివారం సంగతులు. ఏదో ఒక పేపర్లో అచ్చయి ఉంటాయి, ఓపికుంటే ఎవరైనా ఎత్తి రాసుకోవచ్చు. డబ్బు పుచ్చుకోకుండా ఆడినవాడికి సోమవారం పొద్దున్నే వెళ్లాల్సిన పనొకటి ఉండేది. అదేం పని, ఆటకి సెలవిచ్చేవాళ్లా లేదా, కాలు విరిగి మంచాన పడితే ఇల్లెలా గడిచేది, ఇవి తెలిస్తే గానీ మనిషి కనపడడు.

నేను కోనసీమలో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లో గుమస్తాగా చేసి రిటైరయినవాణ్ణి. నకళ్లు రాయడం, ఈసీలు తియ్యడం, ఇండెక్సు రిజిస్టర్లు తిరగెయ్యడం, ఉద్యోగమంతా ఇదే. రిటైరయ్యాక తెలుగు వికీపీడియాలో పాత ఆటగాళ్ల మీద రాయడం మొదలెట్టాను. కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ ఆటగాడు మహమ్మద్ సలీం 1936లో గ్లాస్గో వెళ్లి అక్కడి సెల్టిక్ క్లబ్బు చొక్కా తొడుక్కుని, బూట్లు లేకుండా ఆడాడని చదివి, ఆయన కోసం గ్లాస్గో కాగితాల్లో దిగాను. ఇంకా పైకి రాలేదు. "ఈయనకి గవర్నమెంటు పెన్షనిస్తోంది ఇందుకేనా" అంటారు ఇంట్లో. అననివ్వండి. ఈ పని ఇంట్లో కూర్చుని ఎలా చెయ్యొచ్చో అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి, ఒక్కచోట రాసి పెడుతున్నాను.

ఎవరిని పట్టుకోవాలి

స్కాట్లండు ఫుట్‌బాల్ సంఘం జీతాలిచ్చి ఆడించడాన్ని 1893లో ఒప్పుకుంది. పెద్ద క్లబ్బులన్నీ ఆ దారిలో పోయాయి. గ్లాస్గోలోని క్వీన్స్ పార్క్ మాత్రం ససేమిరా అంది. 1867లో పుట్టిన క్లబ్బది, 'ఆట కోసమే ఆట' అని లాటిన్‌లో నినాదం పెట్టుకుంది. 1872 నవంబరు 30న ఇంగ్లండుతో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్‌లో స్కాట్లండు పదకొండు మందీ ఈ క్లబ్బువాళ్లే. 2019లో సభ్యులు ఓటేసి మార్చుకునేదాకా ఆటగాళ్లకి జీతమన్నది లేదు. మరో పక్క చూస్తే హాంప్డెన్ పార్క్ స్టేడియం 2020 దాకా వీళ్ల సొంతం! 1937 ఏప్రిల్‌లో స్కాట్లండు, ఇంగ్లండు ఆడితే అక్కడ లక్షా నలభై తొమ్మిది వేల పైచిలుకు జనం. అంతటి మైదానాన్ని సొంత మైదానంగా చేసుకుని ఆడినవాడు సోమవారం ట్రామెక్కి ఆఫీసుకి పోయేవాడు.

కాబట్టి స్కాట్లండు జాతీయ జట్టు ఆటగాళ్ల జాబితా తీసుకుని, 1919 నుంచి 1939 దాకా, పేరు పక్కన క్వీన్స్ పార్క్ అని ఉన్నవాళ్లని ఏరండి. ఎక్కువమంది దొరకరు. జాక్ హార్క్‌నెస్, బాబ్ గిలెస్పీ, జేమ్స్ క్రాఫర్డ్ లాంటివాళ్లు తగులుతారు. ఈ గిలెస్పీ 1933 ఏప్రిల్ 1న ఇంగ్లండు మీద స్కాట్లండుకి కెప్టెన్. 2-1తో గెలిచారు, రెండు గోల్సూ సెల్టిక్ ఆటగాడు జిమ్మీ మెక్‌గ్రోరీ కొట్టాడు. జీతగాళ్లున్న జట్టుకి జీతం లేనివాడు నాయకుడు. ఆ ఒక్క సంగతి చాలు ఆయన మీద పడి వెతకడానికి.

మొదటిసారి రాసేవాళ్లు హార్క్‌నెస్‌తో చెయ్యి తిప్పుకోండి, వార్తలు దండిగా దొరుకుతాయి. తర్వాత జాతీయ జట్టు గుమ్మం తొక్కనివాళ్ల దగ్గరికి వెళ్లండి. పని కష్టమే గాని, రుచి అక్కడే.

శనివారం సంగతులు

ఇది తొందరగా తేల్చేద్దాం. శనివారం మ్యాచ్ వివరం సోమవారం పేపర్లో వస్తుంది. గ్లాస్గో హెరాల్డ్ పాత సంచికలు గూగుల్ న్యూస్ ఆర్కైవ్‌లో ఉచితంగా చూడొచ్చు. అక్కడ పేరు కొట్టి వెతికితే సరిగా దొరకదు, తేదీ పట్టుకుని పేజీలు తిప్పుకోవాలి. డబ్బు కట్టే ఉద్దేశముంటే బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్ ఉంది. అందులో పేరుతో వెతకొచ్చు, కాకపోతే పాత అచ్చుని కంప్యూటరు చదివేటప్పుడు అక్షరాలు తారుమారవుతాయి. ఆటగాడి పేరుతో తగలకపోతే ఎదుటి జట్టు పేరు, మైదానం పేరు కొట్టి చూడండి.

పేపర్లో జట్టు ఇలా ఉంటుంది:

హార్క్‌నెస్; నెల్సన్, లా; గిబ్సన్, బ్రాడ్‌షా, మెక్‌మల్లన్; జాక్సన్, డన్, గాలకర్, జేమ్స్, మోర్టన్.

1928 మార్చి 31న వెంబ్లీలో ఇంగ్లండుని 5-1తో చిత్తు చేసిన జట్టు ఇది. చొక్కాల మీద నంబర్లు లేని రోజులు కాబట్టి పేరున్న వరసే నంబరు. మొదటివాడు గోల్‌కీపరు. తర్వాత ఇద్దరు బ్యాకులు. ఆ తర్వాత ముగ్గురు హాఫ్ బ్యాకులు. చివరి ఐదుగురూ ఫార్వర్డులు, కుడి వింగు నుంచి ఎడమ వింగుకి వరసగా. అంటే మూడు గోల్స్ కొట్టిన అలెక్స్ జాక్సన్ కుడి చివర, అలన్ మోర్టన్ ఎడమ చివర. మిగతా రెండు గోల్సూ ఎడమ ఇన్‌సైడు అలెక్స్ జేమ్స్‌వి. మీ ఆటగాడి పేరు ఒక ఏడు తొమ్మిదో చోట ఉండి, మూడేళ్ల తర్వాత ఐదో చోట కనిపించిందనుకోండి, సెంటర్ ఫార్వర్డు కాస్తా సెంటర్ హాఫ్ అయ్యాడని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. సెమికోలన్‌కీ కామాకీ తేడా చూడకుండా రాసుకుంటే మాత్రం బ్యాకుని తీసుకెళ్లి హాఫ్ బ్యాకుల్లో కలిపేస్తారు.

ఈ పదకొండు మందిలో ఎనిమిది మంది ఇంగ్లండు లీగు క్లబ్బుల్లో ఆడేవాళ్లు. స్వదేశంలో ఆడేవాళ్లు హార్క్‌నెస్, హైబర్నియన్ క్లబ్బు డన్, రేంజర్స్ క్లబ్బు మోర్టన్, ముగ్గురే. అమెచ్యూరు హార్క్‌నెస్ ఒక్కడే, ఇరవై ఏళ్లవాడు. ఆ ఏడే హార్ట్స్ క్లబ్బులో చేరి జీతగాడయ్యాడు, ఆట మానేశాక సండే పోస్ట్ పేపరుకి ఆట వార్తలు రాశాడు. కాబట్టి ఆయన జీవితం రాస్తే 1928 దగ్గర ఒక గీత పడాలి.

మోర్టన్‌తో అలా కుదరదు. ఆయనా క్వీన్స్ పార్క్‌లో అమెచ్యూరుగా మొదలెట్టినవాడే, 1920లో రేంజర్స్‌కి వెళ్లాడు. వెళ్లి, ఆడుతూనే మైనింగ్ ఇంజనీరు ఉద్యోగం చేసుకున్నాడు. స్కాట్లండుకి 31 మ్యాచ్‌లు ఆడినవాడు బొగ్గు గనుల పని వదల్లేదు. పుస్తకాల్లో ఆయన్ని 'జీతగాడు' అనే వరసలో పడేసి ఊరుకుంటారు. నాకైతే ఆయన సోమవారాలు అమెచ్యూరు సోమవారాల్లాగే కనిపిస్తాయి.

లెక్కలు రాసుకునేటప్పుడు లీగు, స్కాటిష్ కప్పు, గ్లాస్గో కప్పు, చారిటీ కప్పు, స్నేహపూర్వక మ్యాచ్‌లు దేనికది వేరే గడిలో రాయండి. అమెచ్యూర్ జట్ల మధ్య అంతర్జాతీయ మ్యాచ్‌లు వేరు, అసలు జాతీయ జట్టు మ్యాచ్‌లు వేరు, కలపకండి. జట్టు వరసలో 'ఎ.ఎన్.అదర్' అని కనపడితే అది మనిషి పేరనుకోకండి, పేరు చెప్పడం ఇష్టం లేక అలా వేసేవాళ్లు. ఇంకోటి, అక్కడ జూనియర్ ఫుట్‌బాల్ అంటే కుర్రాళ్ల ఆట కాదు, పెద్ద లీగుకి బయట ఉండే ఒక అంతస్తు. పెళ్లాం పిల్లలున్నవాడు జూనియర్ క్లబ్బుకి ఆడాడని ఉంటే కంగారు పడక్కర్లేదు.

సోమవారం సంగతులు

అసలు పనికొద్దాం. స్కాట్లండ్స్ పీపుల్ అని వాళ్ల గవర్నమెంటు వెబ్‌సైటు ఉంది. 1855 నుంచి జననాలు, పెళ్లిళ్లు, మరణాల రిజిస్టర్ల బొమ్మలు అందులో దొరుకుతాయి. వెతకడానికి ఏమీ అక్కర్లేదు, బొమ్మ తెరవడానికి కొద్దిగా రుసుము కట్టాలి. జననాలైతే నూరేళ్లు, పెళ్లిళ్లు డెబ్భై అయిదేళ్లు, మరణాలు యాభై ఏళ్లు దాటినవే ఆన్‌లైన్లో బొమ్మగా చూపిస్తారు. 1905లో పుట్టి, 1932లో పెళ్లి చేసుకుని, 1968లో పోయిన మనిషి మూడు కాగితాలూ మనకి అందుతాయన్నమాట. మన కాలం ఆటగాళ్లకి ఇది కుదరదు, యుద్ధాల మధ్యవాళ్లకి చక్కగా అమరుతుంది.

నేను జీవితంలో చాలా రిజిస్టర్లు చూశాను గాని, వీళ్ల జనన రిజిస్టరు చూసి ముచ్చటపడ్డాను. పేరు, పుట్టిన తేదీ, చోటు మామూలే. పుట్టిన గంట కూడా రాస్తారు! జాతకం వేయించుకోవచ్చు. తండ్రి పేరు, ఆయన వృత్తి. తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు. వాళ్లిద్దరి పెళ్లి ఏ తేదీన, ఎక్కడ జరిగిందో అదే గడిలో ఉంటుంది. చివర, కబురు చెప్పినవాడి సంతకం, అతనికి బిడ్డతో సంబంధం. ఒక్క పేజీ తెరిస్తే పై తరం పెళ్లి కాగితానికి దారి దొరుకుతుంది. మన ఈసీలో ఒక దస్తావేజు నుంచి వెనకటి లింకు దస్తావేజు పట్టుకున్నట్టే, వెనక్కి వెనక్కి వెళ్లిపోవచ్చు.

ఆ తల్లి పుట్టింటి పేరుని మాత్రం వదలొద్దు. అక్కడ కూడా మనవైపులాగే తాతల పేర్లు పెట్టుకునేవాళ్లు. ఆనవాయితీ ప్రకారం మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. నలుగురు అన్నదమ్ముల ఇళ్లలో నలుగురు జేమ్సులు, అందరిదీ ఒకే ఇంటిపేరు, అందరూ గ్లాస్గోలోనే. పేపర్లో చూస్తే ఉత్త పొడి అక్షరం ఒకటి, ఇంటిపేరు ఒకటి. తల్లి పుట్టింటి పేరుతో వడపోస్తే గానీ మనవాడెవడో తేలదు.

పెళ్లి రిజిస్టర్లో మనకి కావలసింది వరుడి వృత్తి. ఆ రోజుకి అతను ఏ పని చేస్తున్నాడో అక్కడ పడుతుంది. క్లర్కనో, టీచరనో, ఇంజనీరనో. అమెచ్యూరు కాబట్టి ఫుట్‌బాలరు అని ఉండదు, ముందు రోజు యాభై వేల మంది చూస్తుండగా ఆడి వచ్చినా సరే. మామగారి వృత్తి కూడా ఉంటుంది, అది చూస్తే పెళ్లితో మెట్టెక్కాడా దిగాడా అన్నది ఊహకి అందుతుంది. మరణ రిజిస్టరుతో చివరి ఉద్యోగం తెలుస్తుంది. తండ్రి పని, తన పని, చివరి పని, ఈ మూడూ ఒక కాగితం మీద వరసగా రాసి గోడకి అంటించుకుని, అప్పుడు ఆట లెక్కలు పక్కన పెట్టి చూడండి.

ఇహ ఇల్లు. అదే వెబ్‌సైటులో వాల్యుయేషన్ రోల్స్ ఉన్నాయి. ఇంటింటికీ యజమాని ఎవరు, అద్దెకున్నది ఎవరు, ఏడాదికి అద్దె విలువెంత అని రాసిన పన్ను పుస్తకాలు. మన ఆటగాళ్ల కాలానికి 1915, 1920, 1925, 1930, 1935, 1940 పుస్తకాలు పెట్టారు. ఇక్కడే నా గుమస్తా బుర్ర పనికొచ్చింది. రిజిస్ట్రేషను ఆఫీసులో ఇండెక్సు ఒకటి మనుషుల పేర్లకి, ఇండెక్సు రెండు ఆస్తులకి. పార్టీ పేరుతో తగలని దస్తావేజు సర్వే నంబరుతో తగులుతుంది, ఇది ఏ దస్తావేజు లేఖరినడిగినా చెబుతాడు. రోల్సులో కూడా అంతే. ఇంటి పెద్ద పేరే ఉంటుంది కాబట్టి పెళ్లి కాని కుర్రాడు పేరుతో దొరకడు. జనన కాగితంలో ఉన్న వీధి పేరు, ఇంటి నంబరుతో వెతకండి, తండ్రి దొరుకుతాడు. అక్కణ్ణించి అయిదేళ్లకోసారి వస్తూ ఉంటే, ఒక పుస్తకంలో ఆ ఇంట్లో కొత్తవాళ్లుంటారు, ఇంకో వీధిలో మనవాడి పేరు సొంతంగా తేలుతుంది. రెండిళ్ల అద్దెలూ పక్కపక్కన రాసుకోండి.

1921 జనాభా లెక్కలు కూడా ఇప్పుడు చూడొచ్చు. ఇంట్లో ఎంతమంది, ఎవరేం చేస్తారు, కిటికీ ఉన్న గదులెన్ని అని కూడా ఉంటుంది. 1931వి నూరేళ్ల నిబంధన వల్ల 2032 దాకా తెరవరు. ఇంగ్లండు 1931 కాగితాలు 1942లో నిప్పంటుకుని కాలిపోయాయి, స్కాట్లండువి భద్రంగా ఉన్నాయి. నాకు ఆయుర్దాయముంటే చూస్తాను.

కాగితాలు దొరికాక ఆ వృత్తిని ఆ కాలంలో పెట్టి చూడాలి. 'షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్, 1932' అని కనపడితే అక్కడితో ఆగొద్దు. క్లైడ్ నది ఒడ్డున క్లైడ్‌బ్యాంకులో 534 నంబరు ఓడ కడుతూ కడుతూ 1931 డిసెంబరులో పని ఆపేశారు. డబ్బు లేదు. 1934 ఏప్రిల్‌లో మళ్లీ మొదలెట్టి, ఆ సెప్టెంబరులో నీళ్లలోకి దించి క్వీన్ మేరీ అని పేరు పెట్టారు. మధ్యలో రెండేళ్ల పైన ఆ ఇనప అస్థిపంజరం అలా నిలబడే ఉంది, వేలమంది ఇళ్లకి పోయారు. గిలెస్పీ జట్టు ఇంగ్లండుని ఓడించింది సరిగ్గా ఆ మధ్య కాలంలో. లక్షకు పైగా జనం స్టేడియానికి వచ్చారంటే వాళ్లలో పని లేనివాళ్లెంతమందో ఆలోచించండి. చేతిలో రూకల్లేని రోజుల్లో కూడా జీతం వద్దని ఆడినవాళ్లకి ఇంట్లో ఏ ధీమా ఉందో వాల్యుయేషన్ రోల్సులో అద్దె చూస్తే సగం అర్థమవుతుంది. అమెచ్యూర్ ఆట గొప్ప ఆదర్శమని రాసేవాళ్లు ఈ సగం వదిలేస్తారు. తిండికి లోటు లేనివాడికి ఆదర్శం తేలిక.

ఈ గొడవ అప్పుడే రేగింది కూడా. ఒలింపిక్స్‌కి వెళ్లే అమెచ్యూరు పని మానుకున్న రోజులకి పోయిన జీతం ఇవ్వొచ్చా కూడదా అన్న తగాదా మీద బ్రిటన్ నాలుగు సంఘాలూ 1928 ఫిబ్రవరిలో ఫీఫా నుంచి బయటికొచ్చేశాయి. ఇస్తే అమెచ్యూరెలా అవుతాడని వాళ్ల వాదన. 1930, 34, 38 ప్రపంచ కప్పుల్లో స్కాట్లండు కనపడకపోవడం వెనక ఈ తగాదా ఉంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కి మాత్రం బ్రిటన్ అమెచ్యూర్ జట్టుని పంపింది, క్వీన్స్ పార్క్ వాళ్లూ ఉన్నారందులో. చైనాని 2-0తో గెలిచి, పోలండు చేతిలో 5-4తో ఓడి వచ్చారు. మీ ఆటగాడు ఆ జట్టులో ఉంటే అన్ని రోజులు ఆఫీసులో ఎవరు సెలవిచ్చారన్నది మీరు వెతకాల్సిన మొదటి ప్రశ్న.

చెప్పుకునే కథల్ని ఏం చెయ్యాలి

పారెయ్యకండి. పక్కన చీటీ పెట్టండి. సలీంనే తీసుకోండి. 1936 ఆగస్టు 28న గాల్‌స్టన్ జట్టు మీద ఆడటం పేపర్ల సాక్ష్యం. ఒలింపిక్స్ అయిన నెలే అది. కాళ్లకి బూట్ల బదులు కట్లు కట్టుకుని ఆడటమూ అంతే. ఇంటి మీద బెంగతో తిరిగొచ్చేశాడని, తన కోసం పెట్టిన మ్యాచ్ డబ్బుని అనాథలకి ఇమ్మన్నాడని, ముసలితనంలో సెల్టిక్ క్లబ్బుకి ఉత్తరం రాస్తే నూరు పౌన్ల డ్రాఫ్టు పంపిందని ఉన్న సంగతులు ఆయన కొడుకు తర్వాతెప్పుడో చెప్పినవి. రెంటినీ ఒకే వాక్యంలో కుట్టేస్తే చదివేవాడికి ఏది ఎంత గట్టిదో తెలీదు. 'కొడుకు చెప్పిన ప్రకారం' అని రెండు మాటలు చేరిస్తే సరిపోతుంది. మోర్టన్ చిన్నప్పుడు ఇంటి దగ్గర నేలమాళిగ తలుపుకున్న కంతలోంచి బంతి దూరేలా కొట్టి సాధన చేసేవాడని చెప్పుకుంటారు. అదీ ఇలాంటిదే. రాయండి, 'చెప్పుకుంటారు' అని రాయండి.

మనవైపు ఆటగాళ్ల మీద ఇదే పద్ధతి

స్కాట్లండు మీద చెయ్యి తిరిగాక ఊరికే ఉండబుద్ధెయ్యదు. మన డెల్టాలో కూడా అదే కాలంలో కాకినాడ పి.ఆర్. కాలేజీ, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ లాంటిచోట్ల చదువుకుంటూ ఆడినవాళ్లున్నారు. వాళ్ల పుట్టిన గంట రాసిన రిజిస్టర్లు మనకి లేవు. పెట్టెల్లో ఉన్న కాగితాలు 1953 వరదకి కొన్ని, 86 వరదకి కొన్ని, 96 తుఫానుకి కొన్ని పోయాయి. మిగిలినవాటితోనే నెట్టుకురావాలి.

పేపర్లకి ప్రెస్ అకాడమీ వాళ్లు ఆన్‌లైన్లో పెట్టిన పాత ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలు చూడండి. ఇంగ్లీషు పేపర్లలో కాకినాడ అని కొడితే దొరకదు, అప్పట్లో కొకనాడా అని రాసేవాళ్లు. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది, కోనసీమ జిల్లా 2022లో. కాబట్టి ఏ ఊరు ఏ ఏడాదికి ఏ జిల్లాలో ఉందో చూసుకోకుండా వెతికితే గంటలు వృథా.

ఇళ్లల్లో అడిగేటప్పుడు సంవత్సరం అడక్కండి, తెలుగు సంవత్సరం పేరు అడగండి. ప్రభవ 1927-28, అక్కణ్ణించి విభవ, శుక్ల అని లెక్క కట్టుకోండి. ధాత 1936-37, ప్రమాది 1939-40. అరవై ఏళ్లకి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి ఆ మనిషి వయసుతో సరిచూసుకోండి.

మా పెదనాన్నగారు కాకినాడలో ఫుట్‌బాలు ఆడారని ఇంట్లో అనుకునేవాళ్లం, అంతే తెలుసు. మా దొడ్డమ్మ ఉన్న రోజుల్లో అడిగాను.

"దొడ్డమ్మా, పెదనాన్న ఎప్పటిదాకా ఆడేవారు?"

"ఏమోరా, ఏ సంవత్సరమో నాకేం తెలుసు."

"పెళ్లయ్యాక ఆడారా?"

"ఆడకేం. ముక్తేశ్వరం రేవు దాటి కోటిపల్లిలో రైలెక్కి పోయేవోరు. ఆ మిల్లు ఆసామి ఆ రోజు జీతం కోసేసేవోడు. మీ తాతగారు తిట్టేవోరు. రైలు పట్టాలు పీకేశాక ఇహ మానేశారు."

కాకినాడ, కోటిపల్లి మధ్య రైలు 1928లో వచ్చింది. యుద్ధం అవసరాలకని 1940లో పట్టాలు తీసుకుపోయారు. మళ్లీ రైలు నడిచింది 2004లో. అంటే దొడ్డమ్మ తనకి తెలియకుండానే మా పెదనాన్న ఆట ముగిసిన ఏడాది చెప్పేసింది. మిల్లులో పని చేసేవారని, ఆట రోజు జీతం పోయేదని కూడా చెప్పింది. గ్లాస్గోలోనూ లండన్‌లోనూ పెద్దమనుషులు ఫీఫాతో తగాదా పెట్టుకున్న సంగతే మా ఇంట్లో తాతగారి తిట్ల రూపంలో నడిచింది. గోల్స్ సంగతి ఆవిడ ఒక్క ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎలా వెళ్లేవారు, ఏం తొడుక్కునేవారు, రాత్రి ఎక్కడ పడుకునేవారు, ఎవరు తిట్టేవారు, ఇవి అడగండి. రైళ్లు, రేవులు, వరదలు, పెళ్లిళ్లు మాటల్లో వస్తాయి, వాటికి తేదీలుంటాయి.

జట్టు ఫొటో దొరికితే పండగే. కింద అట్ట మీద 'కూర్చున్నవారు', 'నిలుచున్నవారు' అని పేర్లు ఎడమ నుంచి కుడికి ఉంటాయి. పేర్లు లెక్కపెట్టి, తలకాయలు లెక్కపెట్టండి, రెండూ కలవకపోతే ఫొటోగ్రాఫరు ఎవర్నో మర్చిపోయాడు. కాళ్లు చూడండి, బూట్లున్నది ఎవరికి, లేనిది ఎవరికి అన్నది కూడా రాసుకోండి. అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని ఊడబెరకొద్దు, బొమ్మంతా అద్దానికే ఉండిపోతుంది. వీధి అరుగు మీద ఎండ నేరుగా పడనిచోట పెట్టి, కాస్త పక్కకి వాల్చి ఫోన్‌తో తీసుకోండి. వెనక అట్ట మీద స్టూడియో ముద్ర, ఊరు, ఏడాది ఉండొచ్చు, అదీ తీసుకోండి. తీసుకుని ఫొటో ఆ ఇంట్లోనే ఉంచి రండి, పట్టుకుపోతే రెండోసారి గుమ్మం ఎక్కనివ్వరు.

ఎక్కడ అచ్చు వెయ్యాలి

స్కాట్లండు ఆటగాడి గురించి రాసింది తెలుగు వికీపీడియాలో పెట్టొచ్చు, పేపర్లూ పుస్తకాలూ ఆధారాలుగా చూపించాలి. రిజిస్టర్లు చూసి మీరు కట్టుకున్న ఊహలు అక్కడ పెట్టకండి, తీసేస్తారు, తియ్యడం న్యాయం కూడా. అద్దె లెక్కలు, మామగారి వృత్తి, 'బహుశా' అన్న మాటలు ఇవన్నీ విడిగా మీ పేరు మీద వ్యాసంగా రాసుకోండి. దొడ్డమ్మ మాట వికీపీడియాలో నిలవదు గాని, కాలేజీ పూర్వవిద్యార్థుల సావనీరులో నిలుస్తుంది. అలాంటి సావనీర్లు వేసేవాళ్లు ప్రకటనలు దొరుకుతాయి గాని వ్యాసాలు దొరకట్లేదని ఏడుస్తుంటారు, అడిగితే కాదనరు. ఇచ్చే ముందు ఆ ఇంట్లోవాళ్లకి ఒకసారి చదివి వినిపించండి. బతికున్నవాళ్ల పేర్లు, జబ్బులు, ఆస్తి తగాదాలు తీసెయ్యమంటే మారు మాట్లాడకుండా తీసెయ్యండి. జీతం కోసేసిన ఆసామి సంగతి మాత్రం ఉంచమని బతిమాలుకోండి, పేరు లేకుండానే.